రెండు ముక్కుపుటాల సాక్ష్యం

గేయోర్గ్ ఫాన్ బేకేషి అనగానే శాస్త్రం చదివినవాళ్లకు చెవి గుర్తొస్తుంది. లోపలి చెవిలో ధ్వని తరంగం ఎలా సాగుతుందో తేల్చినందుకు 1961లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మూడేళ్లు తిరిగేసరికి, 1964లో, అదే మనిషి ముక్కు మీద ఒక వ్యాసం ప్రచురించారు. శబ్దం ఒక చెవికి ముందు, ఇంకో చెవికి రవ్వంత వెనక చేరుతుంది. ఆ కాస్త తేడాతోనే అది ఎటునుంచి వచ్చిందో మనం చెప్పేస్తాం. ముక్కుపుటాలూ రెండున్నాయి కదా, మరి వాసన సంగతేమిటి అన్నది ఆయన ప్రశ్న. కొలిచి చూసి, ముక్కు కూడా దిక్కు చెబుతుందన్నారు. ఒక పుటంలోకి వెళ్లే వాసన రెండోదానికన్నా పది శాతం గాఢంగా ఉన్నా చాలు, మిల్లీసెకను కన్నా తక్కువ తేడాతో ముందు చేరినా చాలు, మనిషి ఆ వైపును పట్టుకోగలడని ఆయన లెక్క.

పాతికేళ్ల తరవాత, 1989లో, జర్మనీలోని ఎర్లాంగెన్‌లో గెర్డ్ కోబాల్ బృందం ఈ మాటను తోసిపుచ్చింది. వాళ్ల దగ్గర మంచి యంత్రం ఉండేది. ముక్కులోకి వెళ్లే గాలి వేగం, వేడి, తేమ ఏమాత్రం మారకుండా, ఆ గాలిలో వాసనను మాత్రమే కలిపి ఒక పుటంలోకి వదలగలదు. వనిలిన్ వదిలారు, కుళ్లిన గుడ్డు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వదిలారు. ఏ వైపు అని అడిగితే జనం బొమ్మా బొరుసా వేసినట్టు చెప్పారు. కార్బన్ డయాక్సైడ్, మెంథాల్ వదిలితే మాత్రం తడుముకోకుండా చెప్పారు.

ఈ రెండు జతల మధ్య తేడా ఏమిటో మన ఇళ్లలో అందరికీ అనుభవమే. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం డబ్బా మూత తీస్తే ముక్కులోకి వచ్చేది వాసన ఒక్కటే కాదు, చల్లదనం, చురుకు కూడా. ఆవకాయ కలిపేటప్పుడు ఆవపిండి ఘాటు నసాళానికి అంటుతుంది. ఈ చల్లదనాన్ని, మంటను మోసేది వాసన నాడి కాదు. ముఖం మీద స్పర్శను, నొప్పిని మెదడుకు చేర్చే ట్రైజెమినల్ నాడి. చెంప మీద చీమ కుట్టింది ఏ వైపో చెప్పగలిగినట్టే, ఘాటు ఏ పుటంలో తగిలిందో చెప్పగలం. వనిలిన్‌కు ఘాటు లేదు, కనక దానికి వైపూ లేదు. బేకేషి వాడిన పదార్థాల్లో ఘాటు కలిసి ఉండొచ్చని, ఆయన దిక్కు అనుకున్నది నిజానికి స్పర్శేనని కొన్నాళ్లపాటు అంతా సర్దుకున్నారు.

సర్దుబాటు ఎక్కువకాలం నిలవలేదు. ఆ తరవాత వచ్చిన పనినంతా వరసగా చదివితే నాకు తోచేది ఇది: రెండు పుటాలు రెండు వేరు కబుర్లు తెస్తాయి. మెదడు ఆ తేడాను గమనిస్తుంది, వాడుకుంటుంది కూడా. కానీ మనదాకా రానివ్వదు. అందుకే "ఏ పుటం?" అని మనిషి నోటిని అడిగిన ప్రతిసారీ ఒక జవాబు, అతని నడకనో, కంటినో, నేరుగా మెదడునో అడిగినప్పుడు మరొక జవాబు వస్తున్నాయి. ఈ రంగంలో జరిగిన తగాదాల్లో సగం సాక్షిని తప్పుగా ఎంచుకోవడం వల్ల వచ్చినవే.

ముందు దారి చూద్దాం. ముక్కు లోపల పైకప్పు దగ్గర, దాదాపు కళ్ల ఎత్తులో, దూలానికి అటూ ఇటూ వాసన పట్టే పొరలు ఉన్నాయి. ఆ పొరల్లోని ఒక్కో నాడీకణం మీద ఒకే రకం గ్రాహకం ఉంటుంది. మనిషిలో ఆ రకాలు సుమారు 400. ఈ గ్రాహకాల జన్యువులను 1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ కనుక్కున్నారు, 2004లో నోబెల్ అందుకున్నారు. నాడీకణాల తంతులు సన్నటి బెజ్జాలున్న ఎముకగుండా పైకి వెళ్లి, మెదడు అడుగున ఉండే ఘ్రాణ లంబికల్లోకి చేరతాయి. కుడి పొరది కుడి లంబిక, ఎడమ పొరది ఎడమ లంబిక. అక్కణ్నుంచి ప్రధానమైన దారి అదే వైపున్న పిరిఫార్మ్ కార్టెక్స్‌కు. ఏ వాసన ఏదో గుర్తుపట్టే పనిలో ముఖ్యమైన చోటు అదే.

ఇక్కడ వాసన మిగతా ఇంద్రియాలతో పూర్తిగా విడిపోతుంది. కుడిచేతి స్పర్శ ఎడమ మెదడుకు చేరుతుంది. చూపులో కుడివైపు దృశ్యం ఎడమ మెదడుకు పోతుంది. వాసన మాత్రం అడ్డం దాటదు, ఎటుది అటే. పైగా చూపు, వినికిడి, స్పర్శ అన్నీ థాలమస్ అనే మజిలీ దగ్గర ఆగి కార్టెక్స్‌కు వెళ్తే, వాసన ఆ మజిలీని ముట్టకుండానే కార్టెక్స్ చేరుతుంది. లంబిక నుంచి లంబికకు సూటి వంతెన లేదు. రెండు వైపుల మధ్య మొదటి మాటామంతీ ఆ తరవాతే, లంబిక వెనక ఉన్న ఆల్ఫాక్టరీ న్యూక్లియస్ అనే చిన్న కేంద్రం నుంచి, యాంటీరియర్ కమిష్యూర్ అనే తంతుల కట్ట మీదుగా జరుగుతుంది. అంటే పక్కనున్నవాడి మాట వినకముందే ఒక్కో వైపు తన వాసనను తాను చూసుకుంటుంది.

ఆ చూసుకునేది రెండు వైపులా ఒకటేనా? కాదు. ముక్కు పక్కగోడల మీద టర్బినేట్లు అనే మడతలుంటాయి. వాటిలో రక్తం నిండితే ఉబ్బి దారి ఇరుకవుతుంది, తగ్గితే విశాలమవుతుంది. ఒకవైపు ఉబ్బినప్పుడు రెండోవైపు తగ్గుతుంది, కొన్ని గంటలకు తారుమారవుతుంది. మొత్తంమీద లోపలికి వెళ్లే గాలి ఇంచుమించు అంతే ఉంటుంది కనక మనకు తెలియదు, జలుబు చేసినప్పుడు తప్ప. ఈ ఎదురుబొదురు ఉబ్బును 1895లో జర్మన్ వైద్యుడు రిచర్డ్ కైజర్ వివరంగా రాశారు.

మన వైపు చదువరులకు ఇది కొత్త సంగతిగా అనిపించదు. ఎడమ పుటంలో ఆడేది ఇడ లేదా చంద్రస్వరం, కుడిలో ఆడేది పింగళ లేదా సూర్యస్వరం అని స్వరశాస్త్రం చెబుతూనే ఉంది. శివస్వరోదయం ఒక్కో స్వరానికి రెండున్నర ఘడియలు, అంటే గంట, అని లెక్క కట్టింది. పటాల్లో యోగులు చంక కింద ఆనించుకునే యోగదండం కూడా ఇందుకే. చంకలో ఒత్తిడి పడితే ఆ వైపు పుటం బిగిసి, రెండోవైపు తెరుచుకుంటుంది. దీన్ని ఇప్పటి శరీరశాస్త్రమూ ఒప్పుకుంటుంది. పరిశీలన అంత గట్టిది. ఏ స్వరం ఆడుతుండగా ప్రయాణం కట్టాలి, ఏ స్వరంలో వ్యవహారం గెలుస్తుంది అన్న అదనపు భాగం మాత్రం వేరు. ముక్కులో రక్తనాళాల ఉబ్బు గురించి మనకు తెలిసినదేదీ దానికి ఆధారం కాదు. పాతవాళ్లు చూసినదాన్ని మెచ్చుకోవడానికి వాళ్లు అల్లినదంతా నెత్తిన పెట్టుకోనక్కర్లేదు.

ఈ తెరుచుకోవడం, మూసుకోవడం వాసనను ఏం చేస్తుందో 1999లో తేలింది. స్టాన్‌ఫర్డ్‌లో నోమ్ సోబెల్, సహచరులు రెండు పదార్థాలను ఎంచుకున్నారు. ఒకటి పుదీనా జాతి వాసనున్న ఎల్-కార్వోన్, ముక్కులోని తడిపొరలో ఇట్టే కరిగిపోతుంది. రెండోది పెట్రోలులో ఉండే ఆక్టేన్, అంత తొందరగా కరగదు. రెండింటినీ సగం సగం కలిపి ఒక్కో పుటంతో విడిగా వాసన చూడమన్నారు. గాలి బాగా ఆడే పుటంతో చూస్తే కార్వోన్ ఎక్కువున్నట్టు, ఇరుకు పుటంతో చూస్తే ఆక్టేన్ ఎక్కువున్నట్టు చెప్పారు. కొన్ని గంటల తరవాత ముక్కు వైపు మార్చుకోగానే, తీర్పు కూడా వైపు మారింది.

కారణం 1960ల నుంచీ మాక్స్‌వెల్ మోజెల్ కప్పల ముక్కుల మీద చేసిన పనిలో ఉంది. తడి సుద్దముక్క మీద ఇంకుచుక్క పాకుతూ రంగులుగా విడిపోవడం బడిలో అందరం చూశాం. వాసన అణువులు కూడా ముక్కులోని తడిపొర మీదుగా పోతూ అలాగే విడిపోతాయి. ఇట్టే కరిగేవి, గాలి నెమ్మదిగా ఉంటే, పొర మొదట్లోనే ఇంకిపోతాయి. గాలి వడిగా ఉంటేనే పొరంతా పరుచుకుని గట్టిగా తెలుస్తాయి. మెల్లగా కరిగేవాటికి వడి పనికిరాదు, తీరుబడి కావాలి. కనక ఒక పుటం ఒక రకం అణువులకు, రెండోది మరో రకానికి అనువుగా ఉంటుంది. మల్లెపూల వాసనలాంటివి వందల అణువుల మిశ్రమాలు. వాటిని ఏ క్షణంలో పీల్చినా కుడి, ఎడమ లంబికలకు కాస్త వేరైన రెండు చిత్రాలు అందుతాయి. ఈ తేడా లోపమా, లాభమా? సోబెల్ బృందం లాభమనే అంది. నాకూ అదే సబబనిపిస్తుంది. ఒకే వేగంతో పీల్చే రెండు పుటాలకన్నా రెండు వేగాల పుటాలకు దొరికేది ఎక్కువ.

రెండు చిత్రాలు కాస్త వేరైతే మెదడు కలిపేసుకుంటుంది. పూర్తిగా వేరైతే? 2009లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో వెన్ జౌ, డెనిస్ చెన్ ఇదే పరీక్షించారు. 12 మందికి ఒక పుటం కింద గులాబీ వాసన, రెండో పుటం కింద మార్కర్ పెన్ను వాసన ఒకేసారి పెట్టి, మళ్లీ మళ్లీ పీల్చమన్నారు. గులాబీ, మార్కర్ కలగలిసిన కొత్త కంపు ఏదో వస్తుందనుకుంటాం. అలా కాలేదు. కాసేపు గులాబీ, కాసేపు మార్కర్, మళ్లీ గులాబీ. సీసాలు రెండూ కదలకుండా అక్కడే ఉన్నాయి, మారింది మనసుకు తోచేది మాత్రమే. రెండు కళ్లకు రెండు వేరు బొమ్మలు చూపితే ఒకటి మార్చి ఒకటి కనబడే సంగతి చూపు శాస్త్రంలో పాతదే. ముక్కుకూ అది ఉందంటే, రెండు పుటాల సమాచారం మెదడులో కొంతదూరం విడివిడిగానే నడుస్తోందని అర్థం. మొదట్లోనే కలిసిపోయినవైతే పోటీ పడడానికి రెండు పక్షాలే ఉండవు.

ఇక దిక్కు సంగతి. జంతువుల్లో ఈ తగువు ముందే తీరిపోయింది, అందులో ఒక ముఖ్యమైన తీర్పు బెంగళూరు నుంచి వచ్చింది. అక్కడి జాతీయ జీవశాస్త్ర కేంద్రంలో రాఘవ్ రాజన్, జేమ్స్ క్లెమెంట్, ఉపీందర్ భల్లా 2006లో దప్పికతో ఉన్న ఎలుకలకు ఒక ఆట నేర్పారు. వాసన ఎడమనుంచి వస్తే ఎడమ గొట్టం నాకాలి, కుడినుంచి వస్తే కుడిది నాకాలి, సరిగ్గా చేస్తే నీళ్లు. ఎలుకలు ఒకటి రెండు పీల్పుల్లో, అంటే సెకనులో చిన్న భాగంలో, దిక్కు తేల్చేశాయి. ఒక పుటం మూసేస్తే తేల్చలేకపోయాయి. మనిషి విషయంలో ఘాటు అడ్డొచ్చినట్టు ఇక్కడ రాలేదు, ఎందుకంటే వాళ్లు ఘ్రాణ లంబికలోని నాడీకణాలను నేరుగా విన్నారు. వాటిలో చాలామటుకు ఎడమనుంచి వచ్చే వాసనకు ఒకలా, కుడినుంచి వచ్చేదానికి ఇంకోలా పలికాయి. సాక్షిని సరిగ్గా ఎంచుకోవడమంటే ఇదే.

మిగతా జీవాలది తలా ఒక తీరు. అమెరికాలో నేల కింద బతికే మోల్ అనే గుడ్డి జంతువుకు కెనెత్ కటానియా 2013లో ఒక పుటం మూశారు. అది తిండి ఉన్న చోటికి సూటిగా పోకుండా తెరిచి ఉన్న పుటం వైపు ఒరిగింది. చిన్న గొట్టాలు పెట్టి కుడి గాలిని ఎడమకు, ఎడమ గాలిని కుడికి మళ్లిస్తే దారి తప్పి అటూ ఇటూ తచ్చాడింది. సొరచేపల్లో జేన్ గార్డినర్, యెల్లె అటెమా 2010లో చూసినది ఇంకా చిత్రం. రెండు పుటాలకూ వాసన అర సెకను లోపు తేడాతో అందిస్తే, గాఢత రెండోవైపు ఎక్కువున్నా సరే, ముందు అందిన వైపే తిరిగాయి. నీళ్లలో వాసన పాయలు పాయలుగా చెదురుతుంది, ఏ పాయ ఎంత చిక్కగా ఉందో నమ్మలేం. ఏది ముందు తగిలిందో నమ్మొచ్చు. సుత్తి తల సొరకు పుటాలు అంత ఎడంగా ఎందుకున్నాయో కూడా దీంతో కొంత అర్థమవుతుంది.

ఎలుకల మెదడులో రెండు పుటాలను పోల్చే పని ఎక్కడ జరుగుతోందో టోక్యో విశ్వవిద్యాలయంలో షు కికుటా, కెన్సాకు మోరి బృందం 2010లో పట్టుకుంది. ఇందాక చెప్పిన ఆల్ఫాక్టరీ న్యూక్లియస్‌లో ఒక మూల ఉన్న నాడీకణాలు తమ వైపు పుటంలో వాసన తగిలితే చెలరేగుతాయి, అవతలి పుటంలో తగిలితే అణగిపోతాయి. రెండు వైపులా సమానంగా తగిలితే పెద్దగా పలకవు. కూడికలు కాదు, తీసివేతలు చేసే కణాలన్నమాట. దిక్కు తెలియాలంటే కావలసింది అదే.

మనుషుల దగ్గరికి వస్తే, 2007లో బర్క్‌లీలో జెస్ పోర్టర్, సోబెల్ బృందం చేసిన ప్రయోగం అందరికీ ఇష్టమైనది, నాకు కూడా. పచ్చికలో పది మీటర్ల పొడవున చాక్లెట్ సారంలో ముంచిన తాడు పరిచారు. జనానికి కళ్లగంతలు కట్టి, చెవులు మూసి, మందపాటి చేతి తొడుగులు వేసి, నాలుగు కాళ్ల మీద ఆ జాడ పట్టుకుని పొమ్మన్నారు. మూడింట రెండు వంతుల మంది పట్టుకోగలిగారు. కుక్కలాగే జాడకు అటూ ఇటూ వంకరలు పోతూ వెళ్లారు, సాధన చేసేకొద్దీ వేగం పెరిగింది. ఒక పుటానికి టేపు వేస్తే జాడ పట్టినవాళ్లు మూడో వంతుకు పడిపోయారు. ఒక పుటం మూస్తే లోపలికి వెళ్లే వాసనే తగ్గింది కదా, అందుకే ఓడారేమో అన్న సందేహం న్యాయమే. దానికి వాళ్లు ఒక ఉపాయం చేశారు. రెండు పుటాలూ తెరిచే ఉంచి, రెండింటికీ ఒకే చోటి గాలిని కలిపి పంచే పరికరం పెట్టారు. వాసన తగ్గలేదు, వైపు మాత్రం పోయింది. అప్పుడూ జనం తడబడ్డారు. పుటాలు రెండూ పక్కపక్కనే ఉన్నా కొన్ని సెంటీమీటర్ల ఎడంలోని వేరు వేరు గాలిని పీల్చుతాయని కొలతల్లో కూడా తేలింది.

అయినా కోబాల్ వాదన చెక్కుచెదరలేదు, ఎందుకంటే కూర్చోబెట్టి ఏ పుటమని అడిగితే ఘాటు లేని వాసనలకు జనం చాలాసార్లు గుడ్డిగానే చెబుతున్నారు. ఈ రెండింటినీ కలిపినది 2020లో బీజింగ్ నుంచి వచ్చిన పని. చైనా శాస్త్ర అకాడమీలో ఇప్పుడు పనిచేస్తున్న అదే వెన్ జౌ బృందం, జనాన్ని తెర ముందు కూర్చోబెట్టి చుక్కల ప్రవాహం చూపింది. చుక్కలు మనవైపు విస్తరిస్తూ వస్తుంటే మనమే ముందుకు పోతున్నట్టు అనిపిస్తుంది. ఎటు పోతున్నట్టుంది, కాస్త కుడికా, ఎడమకా అని అడిగారు. ఆ సమయంలో ఒక పుటంలోకి ఘాటు లేని వాసనను కాస్త చిక్కగా, రెండోదానిలోకి పలచగా పంపారు. జనానికి తాము పోతున్న దారి చిక్కటి వాసన వైపు ఒరిగినట్టు తోచింది. ఏ పుటంలో వాసన ఎక్కువుందని సూటిగా అడిగితే చెప్పలేకపోయారు. ముక్కు చెప్పినది మెదడు విన్నది, కంటి తీర్పును కూడా దానికి తగ్గట్టు జరిపింది. మనిషికి మాత్రం చెప్పలేదు.

బేకేషి, కోబాల్ ఇద్దరూ తమ తమ ప్రశ్నకు సరైన జవాబే రాబట్టారని ఇప్పుడు అనొచ్చు. బేకేషి అంకెలు మరీ ఆశపోతువి, అంత సూక్ష్మమైన సమయభేదాన్ని వాసన నాడులు పట్టుకుంటాయని నేను నమ్మను. ఆయన ఊహ దిశ మాత్రం సరైనదే.

పుటాలు విడివిడిగా పనిచేస్తుంటే, ఒక వైపు నేర్చినది రెండో వైపుకు ఎలా తెలుస్తుందన్నది పక్కనే ఉన్న ప్రశ్న. నాడీశాస్త్రవేత్త రోజర్ స్పెర్రీ దగ్గరికి వచ్చిన రోగుల్లో మూర్ఛ తగ్గించడానికి మెదడు రెండు సగాల మధ్య వంతెనలు కోసేసినవాళ్లు ఉండేవారు. 1969లో గోర్డన్, స్పెర్రీ వాళ్ల కుడిపుటానికి మాత్రమే వాసన చూపారు. వాసన కుడి మెదడుకే పోయింది, మాటలు ఎడమ మెదడులో ఉన్నాయి, కనక అదేమిటో వాళ్లు చెప్పలేకపోయారు. వాసనేమీ రాలేదన్నవాళ్లు కూడా ఎడమచేత్తో తడిమి, ఆ వాసనకు సంబంధించిన వస్తువును సరిగ్గా ఎంచారు. నోరు ఎంత నమ్మలేని సాక్షో ఇంతకన్నా గట్టిగా చూపడం కష్టం.

కుఖార్‌స్కీ, హాల్ 1987లో ఎలుక పిల్లల్లో చూసినది ఇంకో వైపు నుంచి అదే కథ. ఆరు రోజుల కూనకు ఒక పుటం మూసి, రెండోదానితో ఒక వాసనను నేర్పితే, ఆ జ్ఞాపకం ఆ పుటానికే పరిమితం. అవతలి పుటంతో పరీక్షిస్తే వాసన తెలియనట్టే ఉంటుంది. పన్నెండో రోజు దాటేసరికి రెండు సగాల మధ్య తంతులు పక్వమవుతాయి, అప్పుడు మొదటి పుటం నేర్చిన పాత జ్ఞాపకం రెండో పుటానికి కూడా అందుతుంది. పెద్దవాళ్లయిన మనుషుల్లో ఈ వంతెన ఎలాగూ ఉంది. మగ పంది లాలాజలంలో ఉండే ఆండ్రోస్టెనోన్ వాసన కొందరికి అసలు తెలియదు. 2002లో జోయెల్ మెయిన్‌లాండ్, సోబెల్ బృందం అలాంటివాళ్లకు 21 రోజులపాటు ఒక్క పుటానికే ఆ వాసన చూపింది. చివరకు రెండు పుటాలకూ తెలియసాగింది. పుటాల్లోని పొరల మధ్య సంబంధం లేదు కనక నేర్చుకున్నది మెదడే.

ఎలుకల్లో ఈ వంతెన గాలివాటంగా కట్టినది కాదు. ఒక లంబికలోని ఒక్కో బిందువు రెండో లంబికలో అద్దంలో ప్రతిబింబంలా సరిగ్గా ఎదురుండే బిందువుకు, ఆల్ఫాక్టరీ న్యూక్లియస్ మీదుగా, జత కట్టి ఉంది. 2008లో బీజింగ్ నుంచి మిన్‌మిన్ లువో బృందం, 2018లో ఇజ్రాయెల్‌లోని బార్-ఇలాన్ నుంచి రఫీ హద్దాద్ బృందం దీన్ని చూపాయి. ఏ పుటంతో పీల్చినా వాసన అదే వాసనగా తోచడానికి ఈ జత కొంత కారణం.

ఇంతవరకూ ఎలుకల్లో కణాలను విన్నారు, మనుషుల్లో ఎమ్మారై చిత్రాలు చూశారు. ఎమ్మారై కొలిచేది రక్తప్రవాహాన్ని, అది సెకన్ల మీద నడుస్తుంది. ఒక్క పీల్పు రెండు సెకన్లలో ముగిసిపోతుంది. ఆ పీల్పు లోపల ఏ వైపు ముందు, ఏ వైపు వెనక అన్నది అందులో దొరకదు. 2023 చివర్లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి గుల్చె నాజ్లీ దికెచ్లిగిల్, జే గాట్‌ఫ్రీడ్ బృందం వేసిన అడుగు విలువ అందుకే. మందులకు లొంగని మూర్ఛ ఉన్నవాళ్లకు, అది మెదడులో ఎక్కడ పుడుతోందో కనిపెట్టడానికి శస్త్రవైద్యులు లోపల ఎలక్ట్రోడ్లు దించుతారు. పిరిఫార్మ్ ప్రాంతానికి ఈ మూర్ఛలతో దగ్గర సంబంధం ఉంది కాబట్టి కొన్ని ఎలక్ట్రోడ్లు అక్కడికీ చేరతాయి. అలాంటి పదిమంది ఒప్పుకుంటే, కాఫీ, అరటిపండు, యూకలిప్టస్ వాసనలనూ ఉత్త గాలినీ కుడిపుటానికి ఒకసారి, ఎడమకు ఒకసారి, రెండింటికీ కలిపి ఒకసారి పంపి, కార్టెక్స్ పలుకులను మిల్లీసెకన్ల లెక్కన నమోదు చేశారు.

వాసన ఒక పుటంలోకే వెళ్లినప్పుడు అదే వైపున్న పిరిఫార్మ్‌లో ముందు దాని ఆనవాలు దొరికింది. అవతలి వైపు దొరకడానికి దాదాపు అర సెకను పట్టింది. అర సెకను మెదడు లెక్కలో చిన్నది కాదు. తంతుల మీద అడ్డంగా దాటడానికే అయితే అంత సమయం అక్కర్లేదు. కనక ఇది దూరం వల్ల వచ్చిన ఆలస్యం మాత్రమే అయివుండదని, మధ్యలో ఇంకేదో పని జరుగుతోందని నా అనుమానం. రెండు పుటాలకూ ఒకేసారి వాసన పంపినప్పుడు వచ్చినది అసలు విశేషం. ఒకే వైపు కార్టెక్స్‌లో అదే వాసన ఆనవాలు రెండుసార్లు కనబడింది, ముందు తన పుటానిది, తరవాత అవతలి పుటానిది. రెండూ దగ్గరి పోలికే గాని అచ్చంగా ఒకటి కాదు. పైగా రెండు పుటాలతో పీల్చినప్పుడు ఆనవాలు తొందరగా ఏర్పడింది, జనం వాసనను మెరుగ్గా గుర్తుపట్టారు కూడా. కలిపేసి ఒకటి చేసుకోవడానికి అన్ని వీలులూ ఉన్న చోట మెదడు రెండు వాంగ్మూలాలనూ వేరు వేరు వేళల్లో, విడివిడిగా నమోదు చేసుకుంటోంది.

అభ్యంతరాలు లేకపోలేదు. పదిమంది, అదీ మూర్ఛ ఉన్నవాళ్లు, మూడే వాసనలు. వాటిలో యూకలిప్టస్‌కు చల్లటి చురుకు ఉంది, ట్రైజెమినల్ నాడిని కూడా తట్టిలేపుతుంది. 1989 నాటి పాఠం ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఘాటు బొత్తిగా లేని వాసనలతో ఇదే కొలత మళ్లీ జరిగితే చాలా సందేహాలు తీరతాయి. అలా అన్నా, మనిషి కార్టెక్స్‌ను ఇంత దగ్గర నుంచి వినగలిగిన పని ఈ ప్రశ్న మీద నాకు తెలిసి ఇంకొకటి లేదు.

పుటాల గురించి వాడుకలో ఉన్న మరికొన్ని మాటలను మాత్రం నేను అంతగా నమ్మను. వాసనల మధ్య తేడా పట్టడంలో కుడిపుటం మెరుగని 1990లో మాంట్రియల్ నుంచి జటోరే, జోన్స్-గాట్‌మన్ చెప్పారు. ఎడమపుటంతో చూస్తే పేరు బాగా తడుతుంది, కుడితో చూస్తే హాయి ఎక్కువని 1999లో రేచెల్ హెర్జ్ బృందం అంది. తరవాతి పనుల్లో ఈ మొగ్గు ఒకచోట కనబడి ఇంకోచోట మాయమవుతోంది. 2013లో ఫ్లోరిడా నుంచి వచ్చిన వేరుసెనగ వెన్న పరీక్ష పత్రికల్లో మోగిపోయింది. ఒక చెంచా వెన్నను స్కేలు పక్కన పెట్టి, మూసిన పుటం మారుస్తూ దగ్గరకు తెస్తే, ఆల్జీమర్స్ తొలిదశలో ఉన్నవాళ్లకు ఎడమపుటానికి వాసన చాలా దగ్గరికొస్తే గాని తెలియలేదని ఆ వార్త. మరుసటి ఏడే పెన్సిల్వేనియాలో రిచర్డ్ డోటీ బృందం మళ్లీ చేసి చూస్తే కుడి, ఎడమల మధ్య అలాంటి తేడా ఏదీ రాలేదు. ఆల్జీమర్స్‌లో వాసన శక్తి తగ్గుతుందన్నది నిజమే. అది ఎడమనుంచే మొదలవుతుందన్నది నిలవలేదు. చవకగా ఇంట్లోనే చేసుకోగల పరీక్ష అనగానే జనం ఎగబడతారు, సరిదిద్దిన మాట అంతదూరం పోదు.

పుటాల తేడా నిజంగా అక్కరకొచ్చేది నాడీవైద్యుల గదిలో. ముందుమెదడు అడుగున, ఘ్రాణ లంబికల దగ్గర, మెనింజియోమా అనే గడ్డ మెల్లగా పెరుగుతుంది. అది ఒక వైపు లంబికను నొక్కేస్తే ఆ వైపు వాసన పోతుంది. రాబర్ట్ ఫాస్టర్ కెనడీ 1911లో వర్ణించిన లక్షణాల గుంపులో ఇదొకటి. రోగికి ఆ సంగతే తెలియదు. రెండో పుటం తెచ్చిన వాసననే మెదడు మొత్తం వాసనగా చూపిస్తుంటుంది, కాఫీ కాఫీలాగే ఉంటుంది. వాసన బాగానే తెలుస్తోందా అని అడిగితే ఆ అన్నీ తెలుస్తున్నాయండీ అంటాడు. అందుకే వైద్యులు ఆ మాటతో సరిపెట్టుకోరు. ఒక పుటం వేలితో మూయించి కాఫీపొడో లవంగమో చూపిస్తారు, తరవాత రెండోది మూయించి మళ్లీ చూపిస్తారు. అమ్మోనియా మాత్రం వాడరు. దాని ఘాటు ట్రైజెమినల్ నాడి మీదుగా వెళ్తుంది కనక లంబిక పూర్తిగా చచ్చినవాడికి కూడా తగులుతుంది. ప్రమాదంలో వాసన శక్తి పోయింది, నష్టపరిహారం కావాలని వచ్చినవాళ్ల దగ్గర ఒక్కోసారి కావాలనే ఆ సీసా తీస్తారు. నిజంగా వాసన పోయినవాడు దానికి ఉలిక్కిపడి తల వెనక్కి లాక్కుంటాడు. అదీ తెలియలేదన్నవాడి మీద అనుమానం మొదలవుతుంది.